బిల్డ్ పాసైతే పని అయిపోయినట్టేనా?

‘వెర్షన్ అప్‌గ్రేడే కదా, రెండ్రోజుల పని!’ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నా. ఓ వెబ్ అప్లికేషన్‌ను ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 2.2 నుంచి 3.1కు మార్చమన్నారు. వచ్చిన ఎర్రర్లన్నీ సరిచేశా. బిల్డ్ పాసైంది. సాయంత్రానికి మొబైల్ యాప్ టీమ్ నుంచి ఫోన్: ‘ఫారం సబ్మిట్ కావట్లేదు, 400 ఎర్రర్ వస్తోంది!’

తప్పు ఎక్కడంటే... 2019 సెప్టెంబరులో వచ్చిన 3.0 నుంచి ఈ ఫ్రేమ్‌వర్క్ డేటాను జేసన్‌గా మార్చడానికి న్యూటన్‌సాఫ్ట్ లైబ్రరీ బదులు సిస్టమ్ డాట్ టెక్స్ట్ డాట్ జేసన్‌ను వాడుతోంది. వయసు 25ను కొటేషన్లలో పెట్టి పంపినా పాతది అంకెగా మార్చుకునేది. కొత్తది 3.1లో దాన్ని ఒప్పుకోదు. మా యాప్ మొదట్నుంచీ కొటేషన్లతోనే పంపుతోంది మరి!

ఇంకో చిక్కూ ఉంది. ఫీల్డ్ పేరు మార్చడానికి పాత లైబ్రరీలో వాడే ‘జేసన్‌ప్రాపర్టీ’ని కొత్తది పట్టించుకోదు. ఎర్రర్ రాదు, పేరు మాత్రం మారిపోతుంది. కనపడే తప్పు కంటే ఇదే ప్రమాదం.

దారులు రెండు. న్యూటన్‌సాఫ్ట్ ప్యాకేజీ చేర్చి, స్టార్టప్ ఫైల్లో ‘యాడ్‌న్యూటన్‌సాఫ్ట్‌జేసన్’ అని రాస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది. లేదంటే కొత్త లైబ్రరీతోనే ఉండి, అవసరమైన చోట సొంత కన్వర్టర్ రాసుకోవాలి. ఎన్నో యాప్‌లు ఆధారపడ్డ పాత అప్లికేషన్‌కు మొదటిదే క్షేమం. కొత్తగా కట్టేదానికి రెండోదే మేలు. మేం మొదటి దారే పట్టాం.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, కాలేజీలో ప్రాజెక్టును సున్నా నుంచి మొదలుపెడతాం. ఉద్యోగంలో మాత్రం చాలాసార్లు ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చేతికొస్తుంది. దాన్ని చెడగొట్టకుండా మార్చగలగడమూ నైపుణ్యమే. కానీ రెజ్యూమెల్లో అది పెద్దగా కనిపించదు.

అందుకే ఈ వారాంతం ఓ పని చేయండి. మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఏ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నా సరే, ఒక వెర్షన్ పైకి తీసుకెళ్లండి. ముందుగా ‘బ్రేకింగ్ చేంజెస్’ పేజీ చదవండి. మార్చకముందు, మార్చాక ఏపీఐ ఇచ్చే జేసన్‌ను పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో, ఎలా సరిచేశారో నాలుగు వాక్యాల్లో రాసుకోండి.

ఇంటర్వ్యూలో ‘మీరు ఎదుర్కొన్న సమస్య చెప్పండి’ అంటే, బట్టీపట్టిన జవాబు కంటే ఆ నాలుగు వాక్యాలే మీకు అండ.