షోకేసులోని రాయి కథ

మా పెద్ద తోడికోడలు అమెరికా నుంచి తిరిగొచ్చి మూడు నెలలైంది. వాళ్ళబ్బాయి ఫీనిక్స్‌లో ఉంటాడు. తెచ్చిన చాక్లెట్లూ, సెంటు సీసాలూ అందరికీ పంచిపెట్టింది గానీ, ఒక్క వస్తువు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా హాల్లో షోకేసులో, కొండపల్లి బొమ్మల పక్కన పెట్టుకుంది. అరచేతిలో పట్టే ముక్క. చూడ్డానికి పొయ్యిలోకి చీల్చిన కట్టెముక్కలాగే ఉంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం, ఇంత చిన్నముక్కకి ఇంత బరువేమిటా అనిపించింది. విరిగిన వైపు ఎరుపు, పసుపు, ఊదారంగులు తళతళలాడుతున్నాయి.

“ఇదేమిటక్కా, కర్రా, రాయా?” అన్నాను.

“కర్రే. రాయైపోయింది. అక్కడ ఎడారినిండా ఇవే పడున్నాయి. ఒక్కటి తెచ్చుకుంటే ఏం తరుగుతుందిలే అని చేతిసంచిలో వేసేశాను” అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నిజమే, ఏం తరుగుతుంది? ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్న సంగతులు మీతోనూ పంచుకోవాలనిపించింది.

కర్ర రాయి ఎలా అయింది?

ఆవిడ వెళ్ళిన చోటు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం ఈశాన్య మూలనున్న పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కు. అంటే రాయిగా మారిన అడవి అన్నమాట. ఇవాళ అక్కడ నీడకి ఒక్క పెద్ద చెట్టుండదు. ఎటు చూసినా మట్టిదిబ్బలు. ఆ దిబ్బల్లో ఎరుపు, బూడిద, నీలం, ఊదా పొరలు పూతరేకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి మధ్య రంపంతో కోసినట్టు తునకలైన పెద్ద పెద్ద రాతి మానులు పడి ఉంటాయి.

ఆ పొరలు పడింది 20 కోట్ల ఏళ్ళకు పైమాటే. చాలావరకు 22 కోట్ల 50 లక్షల ఏళ్ళనుంచి 20 కోట్ల 70 లక్షల ఏళ్ళ కిందటివి. అప్పుడు అది ఎడారి కాదండీ. ఖండాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్న కాలం. ఆ నేల భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేది. నిండుగా పారే నదులు, చిత్తడి నేలలు, 200 అడుగుల దాకా పెరిగే చెట్లు.

గాలివానకో, ముసలితనం వల్లో కూలిన చెట్లు వరదలో కొట్టుకొచ్చి బురదలో కూరుకుపోయాయి. ఊరగాయ జాడీలో ముక్కలు నూనెలో మునిగి ఉంటే బూజు పట్టవు కదా, గాలి తగలదు గనక. ఆ మానులకీ అంతే. దళసరి బురద గాలిని అడ్డుకుంది, మాను త్వరగా కుళ్ళలేదు. ఆ బురదలో అగ్నిపర్వతాల బూడిద కూడా కలిసి ఉంది. బూడిదలోని సిలికా నేలలోని నీళ్ళలో కరిగి చెక్కలోకి ఇంకింది. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మనం చూస్తూనే ఉంటాం. నీళ్ళలో కరిగి ఉన్నది గిన్నెకి పట్టుకుంటుందన్నమాట. చెక్కలో కూడా అలాగే సిలికా నింపాదిగా పేరుకుని, చివరికి మాను మానంతా స్ఫటికంలాంటి క్వార్ట్జ్ రాయైపోయింది. ఇనుము కలిసినచోట ఎరుపు, పసుపు వచ్చాయి. మాంగనీసు వంటివి కలిసినచోట ఊదా, నలుపు వచ్చాయి.

మరి రంపంతో కోసినట్టుండే తునకలు? అవి మనిషి కోసినవి కావు. క్వార్ట్జ్ గట్టిదే గానీ పెళుసు. కోట్ల ఏళ్ళ తర్వాత ఆ నేల పైకి లేచినప్పుడు ఆ ఒత్తిడికి రాతి మానులు పుటుక్కున విరిగాయి.

మల్లె లేని లోకం

ఆ పొరల్లో చెట్లే కాదు, ఆనాటి లోకమంతా ఉంది. 200కు పైగా మొక్కజాతుల ఆనవాళ్ళు దొరికాయి. ఫెర్న్ మొక్కలు, మన తోటల్లో పెంచుకునే సైకస్‌లాంటివి, గింకో చెట్లు వాటిలో కొన్ని. కానీ ఒక్క పూలమొక్క లేదు. పూలు పూసే మొక్కలు ఇంకా పుట్టనే లేదు. గడ్డి కూడా లేదు. మల్లె లేదు, మామిడి లేదు, కరివేపాకు లేదు, వరి లేదు. ఈ మాట చదివి కాసేపు నా వంటగదివంక చూస్తూ కూర్చున్నాను. అందులో ఉన్నవేవీ ఆ రోజుల్లో లేవు కదా!

ఇక జంతువులు. నదుల్లో ఫైటోసార్లనే పెద్ద జంతువులుండేవి. చూస్తే అచ్చం మొసళ్ళే. కాకపోతే మొసలికి ముక్కుపుటాలు మూతి చివరుంటాయి, వీటికి కళ్ళ దగ్గరుండేవి. నీళ్ళ అడుగున మెటోపోసార్లుండేవి. బల్లపరుపు తలతో, కప్ప బంధువులైన జంతువులు. ఒడ్డున చిలకముక్కులాంటి మూతితో, రెండు కోరలతో, ఆకులు తినే ప్లాసీరియస్ తిరిగేది. ఒళ్ళంతా పెంకుల కవచంతో ఏటోసార్లుండేవి. మరి డైనోసార్లు? అవీ ఉండేవి. అప్పటికి అవి సన్నగా, చిన్నగా ఉండి, పెద్ద జంతువుల మధ్య తప్పించుకు తిరిగేవి. రాజ్యమేలే రోజులు వాటికింకా రాలేదు.

మనకి సంతోషం కలిగించే సంగతి మరొకటి. ఇదే కాలంనాటి పొరలు మన పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత గోదావరి లోయలో ఉన్నాయి. మలేరి పొరలంటారు వాటిని. అక్కడి ఎర్రమట్టిలోనూ ఫైటోసార్ల ఎముకలు, మెటోపోసార్ల ఎముకలు దొరికాయి. ఆరిజోనాకీ ఆదిలాబాద్‌కీ మధ్య సముద్రాలు లేని రోజులవి మరి!

చోటు చెప్పే మాట

ఆరిజోనాలో 1921లో ఒకావిడ చేసిన పని మీకు చెప్పి తీరాలి. ఆవిడ పేరు యానీ అలెగ్జాండర్. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీకి శిలాజాల మ్యూజియం ఏర్పడడానికి కారకురాలు. స్నేహితురాలు లూయీస్ కెలాగ్‌తో కలిసి ఆ ఎడారిలో తిరిగి ఫైటోసార్ ఎముకలు సేకరించింది. ఫలానా చోట ఉన్నాయని చార్లెస్ క్యాంప్ అనే శాస్త్రవేత్తకి చెప్పింది. ఆయన వెళ్ళి ఏళ్ళతరబడి తవ్వారు. ఆ కాలపు జంతువుల గురించి ఇవాళ తెలిసినదాంట్లో ఎంతో భాగం ఆ తవ్వకాల వల్లే తెలిసింది.

ఇందులో కిటుకంతా “ఫలానా చోట” అన్న మాటలోనే ఉంది. ఏ పొరలో, ఏ ఎముక పక్కన, ఏ ఆకు ముద్ర పైన దొరికిందో తెలిస్తేనే అది ఎప్పటిదో, ఏ జంతువు ఏ చెట్టు నీడన బతికిందో చెప్పగలరు. పొరల్లోని అగ్నిపర్వతపు బూడిదలో జిర్కాన్ అనే సన్నటి రేణువులుంటాయి. వాటిని పరీక్షించి ఆ పొర వయసు తేలుస్తారు. పొరనుంచి ఊడదీసిన ముక్కకి ఆ ఆధారం తెగిపోతుంది. పద్దు పుస్తకంలోంచి చింపిన కాగితం ఎక్కడో దొరికిందనుకోండి. అంకెలుంటాయి. ఏ నెలవో, ఎవరి బాకీవో తెలియదు. మా అక్క షోకేసులోని ముక్కా అంతే.

ఒక్కటే కదా అనుకున్నవాళ్ళు

“ఏం తరుగుతుంది” అనుకున్నది మా అక్కొక్కతే కాదు. 1890లలో రైలు దిగి వచ్చినవాళ్ళు బస్తాలకొద్దీ పట్టుకుపోయారు. లోపల రంగుస్ఫటికాలున్నాయని మానులను డైనమైట్‌తో పేల్చారు. సానపట్టే పొడి కోసం వీటిని నలగ్గొట్టే మిల్లు కూడా ఒకటి పెట్టారు. అక్కడివాళ్ళు మొరపెట్టుకోగా పెట్టుకోగా 1906లో ప్రెసిడెంటు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. 1962లో నేషనల్ పార్కయింది. పార్కులోంచి గులకరాయంత ముక్క తీసుకున్నా అది నేరమే. బయటి దుకాణాల్లో అమ్మేవి వేరే, అవి సొంత పొలాల్లో తవ్వినవి.

ఒక ప్రొఫెసరుగారు అక్కడ చేసిన పరీక్ష మన ఇళ్ళకీ పనికొస్తుంది. ఆయన పేరు రాబర్ట్ చాల్డీని. దారుల్లో గుర్తుపెట్టిన ముక్కలు పడేసి, బోర్డులు మార్చి మార్చి చూశారు. “చాలామంది ముక్కలు పట్టుకుపోయి అడవిని పాడుచేశారు” అనే అర్థం వచ్చే బోర్డు పెట్టినప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. “దయచేసి తీసుకోకండి” అనే బోర్డున్నప్పుడు 2 శాతం కూడా పోలేదు. చూశారా! అందరూ చేస్తున్నారని చెబితే, మనమెందుకు మానాలనిపిస్తుంది. మెల్లగా వద్దంటే వింటారు. “ఈ కాలం పిల్లలంతా ఇంతే” అని పిల్లల ముందు అనే ముందు మనం ఒక్కసారి ఆగాలేమో.

తిరిగొచ్చే రాళ్ళు

తీసుకుపోయినవాళ్ళలో కొందరికి మనసొప్పక, ఆ రాళ్ళను పోస్టులో తిప్పి పంపుతుంటారు. క్షమించమని ఉత్తరం కూడా రాస్తారు. కొన్ని పిల్లల ఉత్తరాలు. ఆ రాయి ఇంట్లోకొచ్చాక అన్నీ కష్టాలేనని రాసినవాళ్ళూ ఉన్నారు. పార్కువాళ్ళు ఆ ఉత్తరాలన్నీ దాచారు. కానీ రాళ్ళను మాత్రం తిరిగి అడవిలో వెయ్యరు. ఏది ఏ పొరదో తెలియకుండా వేస్తే, ఉన్న ఆధారాలు కూడా తారుమారవుతాయి. అందుకే వాటిని ఒకచోట కుప్ప పోశారు. దాన్ని అంతరాత్మ కుప్ప అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. ఊరు చేరినా ఇల్లు చేరని రాళ్ళన్నమాట అవి.

ఇదంతా మా అక్కకి చెప్పాలా వద్దా అని వారంరోజులు తటపటాయించాను. పెద్దావిడ, మురిపెంగా తెచ్చుకుంది. చివరికి ఓ సాయంత్రం టీ తాగుతూ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి షోకేసు తెరిచి, రాయిని కొంగుతో తుడిచి చేతిలో పట్టుకు కూర్చుంది.

“అయితే పంపినా దాని చోటుకి అది పోదన్నమాట” అంది.

“పోదక్కా.”

“ఇంకెందుకు పంపడం?” అన్నాను నేనే, ఆవిడకి ఊరటగా ఉంటుందని.

“నా మనవడు చూశాడు నేను తియ్యడం” అంది. అంతే.

పోయిన నెల వాళ్ళబ్బాయి వచ్చి వెళ్ళేటప్పుడు ఆ రాయిని పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది. ఉత్తరం తెలుగులో నాలుగు వాక్యాలు రాసింది. కింద ఇంగ్లీషులో మనవడిచేత రాయించమంది. “నా పేరు మాత్రం నీ పత్రికలో రాయకు” అని నాకు గట్టిగా చెప్పింది, రాయడం లేదు.

మీరు పిల్లలతో ఎక్కడికైనా వెళ్ళినప్పుడు రాతిలో ఆకు ముద్రో, ఎముకలాంటిదో కనిపిస్తే, తియ్యకుండా ఫోటో తీసుకోండి. ఏ ఊరి దగ్గర, ఏ వాగు గట్టున కనిపించిందో రాసుకోండి. మన పొలాల్లో దున్నుతుంటే అలాంటిది బయటపడినా అక్కడే ఉంచి, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకి కబురు పెట్టండి. “ఒక్కటే కదా, ఏం తరుగుతుంది” అని పిల్లలడిగితే, అది ఎక్కడ ఉండేదో చెప్పే మాట తరుగుతుందని చెప్పండి.

మా అక్క షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన ఇప్పుడు ఖాళీగా ఉంది. అక్కడ ఇంకేమీ పెట్టలేదు ఆవిడ.