మద్దతు సరే, టికెట్ ఏదీ?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సంఘాలు ఒక ప్రశ్నావళి తయారుచేసి అభ్యర్థుల చుట్టూ తిరగడం ఆనవాయితీ. 'చట్టసభల్లో మహిళా రిజర్వేషన్‌ను సమర్థిస్తారా?' అన్నది అందులో మొదటి ప్రశ్న. ఇక ఆ ప్రశ్న అడగడం మానేద్దాం.

2023 సెప్టెంబర్‌లో లోక్‌సభ ఆ బిల్లును 454 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేక ఓట్లు రెండే. బీజేపీ, కాంగ్రెస్, బీఆర్ఎస్ మూడూ సమర్థించాయి. ఏడాది తిరగకుండానే, 2024లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి ఆ మూడు పార్టీలూ నిలబెట్టింది ధర్మపురి అరవింద్‌ను, జీవన్ రెడ్డిని, బాజిరెడ్డి గోవర్ధన్‌ను. ముగ్గురూ మగవాళ్లే. 2011 జనగణనలో మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా ఇది! చట్టం ఇంకా అమల్లోకి రాలేదు కదా అన్నారు. జనగణన, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అని చట్టంలో తాళం వేసింది ఎవరు? పోనీ, తాళం తీసేదాకా ఆడవాళ్లకు టికెట్ ఇవ్వకూడదని ఏ చట్టంలో ఉంది?

2014 నుంచి 2019 దాకా ఇక్కడ ఎంపీగా ఉన్న కవిత 2023 మార్చి 10న ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఇదే డిమాండ్‌తో దీక్ష చేశారు. ఆ డిమాండ్‌ను నేను తక్కువ చేయను. కానీ అదే ఆగస్టులో ఆమె పార్టీ ప్రకటించిన 115 మంది అసెంబ్లీ అభ్యర్థుల్లో స్త్రీలు ఏడుగురే. 2014 నుంచి 2018 దాకా నడిచిన ఆ పార్టీ తొలి మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు.

అభ్యర్థి అభిప్రాయాన్ని ఎలా నిలదీయాలో ఈ జిల్లా పసుపు రైతులకు తెలుసు. 2019లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి, బరిలో 185 మంది ఉండేలా చేశారు. గెలిస్తే అయిదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని అరవింద్ బాండ్ పేపర్ రాసిచ్చి, 70 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. బోర్డు ప్రారంభమైంది మాత్రం 2025 జనవరిలో. ఆలస్యం సంగతి అలా ఉంచి, ఆ రైతుల పట్టుదలకు నేను అసూయపడతాను. అయితే అక్కడ కూడా 'రైతు' అంటే పట్టాదారే. కలుపు తీసి, కొమ్ములు ఏరి, విరిచి, ఉడకబెట్టే చేతుల కూలి రేటు గురించి ఏ బాండ్ పేపరూ మాట్లాడలేదు.

బోధన్‌లో ఒక బీడీ కార్మికురాలికి ఈ చట్టం గురించి ఉత్సాహంగా చెప్పబోయాను. "మీ రిజర్వేషనొస్తే నాకిచ్చే ఆకు పెరుగుతదా మేడం?" అని అడిగింది. నవ్వబోయి ఆగిపోయాను. 2017 జులై నుంచి 2026 జనవరి దాకా బీడీల మీద జీఎస్టీ 28 శాతం. పన్ను పెరిగి గిరాకీ తగ్గితే ముందు కోతపడేది ఆమె పనిదినాల మీదే. పొగాకు నియంత్రణ అవసరమే, ఆ దుమ్ము పీల్చేది ఆమే కనుక మరీ అవసరం. కానీ బీడీ చుట్టడం మానిన చేతులకు ఏ పని చూపిస్తారో ఏ అభ్యర్థి చెప్పాడు? 2002లో ప్రైవేటుపరమై, తిరిగి ప్రభుత్వపరం చేస్తామన్న హామీ విన్నాక 2015 డిసెంబర్‌లో మూతపడ్డ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీని చూపిస్తారా?

మన లోపం గురించి కూడా చెప్పుకోవాలి. ఈ చట్టంలో ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు వాటా ఉంది, బీసీ స్త్రీలకు లేదు. ముస్లిం స్త్రీలకూ లేదు. ఆ రెండు వ్యతిరేక ఓట్లూ ఈ అభ్యంతరంతో మజ్లిస్ వేసినవే. ఇక్కడ బీడీలు చుట్టేది ఎక్కువగా ఆ స్త్రీలే. 1996లో తొలి బిల్లు వచ్చినప్పటినుంచీ మన వేదికల మీద 'ముందు రానివ్వండి, తర్వాత చూద్దాం' అన్నవాళ్లు తక్కువేం కాదు. నేనూ అన్నాను. ఎవరి తరఫున అన్నానో ఆ బోధన్ ఇంటి అరుగు మీద కూర్చున్నాక గాని తోచలేదు.

వచ్చే ఎన్నికకు ప్రశ్నావళి మారుద్దాం. ఈ లోక్‌సభ స్థానం కింది ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో మీ పార్టీ ఎందరు స్త్రీలకు టికెట్ ఇస్తుంది, వారిలో బీసీ, ముస్లిం, దళిత స్త్రీలు ఎందరు, బీడీ పని పోయినవారికి ఏ పని, ఎప్పటిలోగా? జవాబు నోటితో వద్దు. పసుపు రైతులకు రాసిచ్చినట్టే రాసివ్వమందాం. బాండ్ పేపర్ ఖర్చు మన సంఘమే పెట్టుకోగలదు.