థాంక్స్‌గివింగ్ వంటలో ఆ ‘మేం’ ఎవరండీ?

నవంబర్ రెండో వారం వచ్చిందంటే చాలు, ఇక్కడ డాలస్‌లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ వేడెక్కిపోతాయి. నాలుగో గురువారం ఎవరింట్లో కలుస్తున్నాం, ఎన్ని కుటుంబాలు, ఎవరేం తెస్తున్నారు అని. మగవాళ్ళు చకచకా టైపు చేసేస్తారు. “మేం పులిహోర తెస్తాం.” “మేం గుత్తివంకాయ చేస్తాం.” “మాది ఆవడలు, ఓ యాభై.”

‘మేము’ అంటే బహువచనం అని బళ్ళో చెప్పారు మనకి. ఇక్కడి తెలుగు ఇళ్ళలో మాత్రం అది ఏకవచనం, పైగా స్త్రీలింగం. యాభై ఆవడలకి పప్పు నానబోసేదీ, రుబ్బేదీ, వేయించేదీ, పెరుగు చిలికి తాలింపు పెట్టేదీ ఒక్క మనిషి. టైపు చేసింది ఇంకో మనిషి.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా ఫరవాలేదు. థాంక్స్‌గివింగ్ విందు ఇంట్లోనే వండుకోవాలి, పదిమందితో కలిసి తినాలి. అయితే తినే ప్రతి పెద్దమనిషి చెయ్యీ ఆ వంటలో పడాలి. అది కుదరని ఇంట్లో ఆ పూట ఎవరింట్లో వాళ్ళు పెరుగన్నం తిని పడుకోవడం నయం.

“ఇంత గొడవెందుకు, ట్రేలు తెప్పిస్తే పోలా?” అంటారు. ఈ మధ్య అదే ఫ్యాషన్. బిర్యానీ ఒక అల్యూమినియం ట్రే, పనీర్ ఒక ట్రే, గోబీ మంచూరియా ఒక ట్రే. ఆడవాళ్ళకి విశ్రాంతి అని పేరు. నాకు ఇది నచ్చదు. వంట చేసి అలసిపోతున్నాను, కాస్త పట్టండి అని ఒకావిడ అంటే, “సరే, అసలు వంటే మానేద్దాం” అనడం సాయం కింద వస్తుందా? ఇల్లు ఊడ్చలేకపోతున్నా అంటే ఇల్లు అమ్మేద్దాం అన్నట్టుంది. ట్రే తెప్పించాక కూడా దాన్ని ఓవెన్‌లో వేడి చేసేదీ, మూకుళ్ళలోకి సర్దేదీ, మిగిలింది డబ్బాల్లోకి ఎత్తేదీ ఎవరో మీకు తెలుసు. పైగా పండగకి ఇంట్లో లేవాల్సిన వాసన పోయింది. అమెరికాలో పుట్టిన మన పిల్లలకి పండగంటే ఆ వాసనే గుర్తుంటుంది, రెస్టారెంటు రసీదు కాదు.

అసలు ఆ రోజు ఒక ఇంట్లో ఎంత పని ఉంటుందో లెక్క వేసి చూపిస్తాను. మగవాళ్ళకి లెక్కలంటే గౌరవం కదా. పిల్లలకి టర్కీ కావాలి, బళ్ళో అందరూ తింటారు కాబట్టి. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. పదిహేను పౌండ్ల పక్షి అంటే ఆదివారమో సోమవారమో బయటికి తియ్యాలి. దానికి ఎలాగూ మనం ఉప్పూ మిరియాలూ రాసి ఊరుకోం. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా పట్టించాలి. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా గంటలకొద్దీ కాల్చాలి. దాంతో పాటు ఆలుగడ్డ ముద్ద, మ్యాక్ అండ్ చీజ్, గుమ్మడికాయ పై. ఇదంతా పిల్లల భోజనం.

ఇక ఇండియా నించి వచ్చిన అత్తయ్యగారికీ మామయ్యగారికీ ఆ ఓవెన్ దరిదాపుల్లోది ఏదీ పనికిరాదు. కొన్నేళ్ళు ఈ గురువారం కార్తీకమాసంలోనే పడుతుంది, అప్పుడు ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. వాళ్ళకి వేరే గిన్నెలు, వేరే పొయ్యి. గుమ్మడికాయ దప్పళం, క్రాన్‌బెర్రీ పప్పు, చిలగడదుంప వేపుడు. (క్రాన్‌బెర్రీ సంగతి చెప్పకుండా ఉండలేను. వాక్కాయ దొరకని దేశంలో దేవుడు మన కోసం పెట్టిన పులుపది. పప్పులో వెయ్యండి, పచ్చడి చెయ్యండి, పులిహోర కలపండి. చక్కెర పాకంలో వేసి జామ్‌లాగా చెయ్యడం దానికి జరిగిన అన్యాయం.) ఇవి కాక మూడో బృందం, అటూ ఇటూ కాని మనం. మనకి బిర్యానీ లేకపోతే పండగ కాదు. అంటే ఒకే వంటింట్లో, నాలుగు పొయ్యిల మీద, మూడు విందులు. వండేది ఒక్కరు.

సరిగ్గా అదే సమయానికి, అంటే మధ్యాహ్నం మూడున్నర నించీ, హాల్లో పెద్ద టీవీ మీద కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆట. ఈ ఊరి జట్టు దాదాపు ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఆడుతుంది, 1966 నించీ ఉన్న ఆనవాయితీ. మన మగవాళ్ళలో సగం మందికి ఆ ఆట నియమాలు తెలియవు. అయినా కదలరు.

ఒకసారి ఒక ఇంట్లో నేను కళ్ళారా చూసింది చెప్తాను. 32 మందిమి. ఆ ఇంటి ఆవిడ మూడు రోజులుగా వండుతోంది, నడుం నొప్పికి బెల్టు పెట్టుకుని మరీ. భోజనాల ముందు అందరూ గుండ్రంగా నిలబడి, ఈ ఏడాది దేనికి కృతజ్ఞతగా ఉన్నామో ఒక్కొక్కరే చెప్పాలన్నారు. అమెరికన్ల అలవాటే, బాగానే ఉంటుంది. ఆ ఇంటాయన గొంతు కాస్త వణుకుతుండగా, “మా ఆవిడ లేకపోతే ఈ విందు లేదు, నేను లేను” అన్నాడు. నిజంగానే అన్నాడు, నటన కాదు. అందరం చప్పట్లు కొట్టాం. ఒక్కావిడ తప్ప. ఆవిడ వంటింట్లో పూరీలు వేయిస్తోంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోతలో ఆవిడకి ఏమీ వినపడలేదు. నేను లోపలికి వెళ్తే, “ఏంటి చప్పట్లు, మనవాళ్ళు గెలిచారా?” అని అడిగింది.

ఆ రాత్రి పదింబావుకి గట్టు దగ్గర నిలబడి ఆవిడ మజ్జిగన్నం తింది. వండుకున్నమ్మకి ఒక కూర, అడుక్కున్నమ్మకి అరవై కూరలు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఈవిడకి ఆ ఒక్క కూరా మిగల్లేదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదులెండి. ఈ పండగ పుట్టుకలోనే ఉంది. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది తొలి చలికాలానికే చనిపోయారు. 1621లో ప్లిమత్‌లో పంట చేతికొచ్చాక విందు చేసుకున్నారు. వాంపనోగ్ తెగ నాయకుడు మాససోయిట్ 90 మందితో వచ్చాడు, వాళ్ళు ఐదు జింకల్ని కొట్టి తెచ్చారు. మూడు రోజుల విందు. అక్కడున్న ఎడ్వర్డ్ విన్స్‌లో రాసిన ఉత్తరంలో ఇవన్నీ ఉన్నాయి. పిట్టల్ని కొట్టుకురమ్మని నలుగురు మగవాళ్ళని పంపించారని కూడా ఉంది. మరి ఆ పిట్టల ఈకలు పీకిందెవరు, వండిందెవరు, వడ్డించిందెవరు? ఒక్క ముక్క లేదు. అప్పటికి ఆ కాలనీలో బతికి ఉన్న పెళ్ళయిన ఆడవాళ్ళు నలుగురంటే నలుగురు. కొంతమంది ఆడపిల్లలు. తిన్నవాళ్ళు సుమారు 140 మంది. (ఆ వాంపనోగ్ వాళ్ళకి తర్వాత జరిగింది తలుచుకుని, 1970 నించీ ఇదే గురువారం ప్లిమత్‌లో ఆదివాసులు సంతాపదినం పాటిస్తున్నారు. అది చెప్పకుండా పిల్లల చేత టర్కీ బొమ్మలు మాత్రం గీయించే బడుల మీద నాకున్న కోపం వేరే. అది ఇంకో రోజు.)

ఆ తర్వాత దీన్ని దేశమంతటికీ సెలవురోజు చేయించింది కూడా ఒక ఆడమనిషే. సారా జోసెఫా హేల్. భర్త పోతే ఐదుగురు పిల్లల్ని పెంచుకుంటూ, ఆడవాళ్ళ పత్రికకి సంపాదకురాలిగా పనిచేస్తూ, ఏళ్ళ తరబడి గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో లింకన్ ఒప్పుకున్నాడు. ఆవిడ ఆడవాళ్ళకి ఓటుహక్కు కావాలన్న మనిషి కూడా కాదు, ఇల్లే ఆడదాని లోకం అనే రకం. అయినా ఆవిడ సాధించినదాన్ని మనమంతా వాడుకుంటున్నాం. నాకు ఎప్పుడూ వచ్చే సందేహం ఒక్కటే. దేశమంతటికీ సెలవు ఇప్పించింది కదా, వంటింటికి ఎందుకు ఇప్పించలేదు?

నాలాంటి గృహిణులకి ఎదురయ్యే మాట ఇంకోటుంది. “వాళ్ళు ఏడాదంతా ఆఫీసులో కష్టపడతారు, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా.” అవును, ఉంటాను. డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఎంతోమందికి ఉద్యోగం చేసే అనుమతే ఉండదు, అదేదో మేం కాళ్ళు బారజాపుకుని కోరుకున్న సుఖం అన్నట్టు మాట్లాడతారు. సరే, మీ మాటే పట్టుకుందాం. ఆఫీసు ఆయన పని, ఇల్లు నా పని. ఆ గురువారం ఆయన పనికి సెలవు, జీతంతో సహా. నా పని మాత్రం ఆ రోజు పదింతలు. ఏ న్యాయం ప్రకారం?

“మగవాళ్ళకి వంట రాదమ్మా” అనే వదినలకి కూడా ఒక మాట. మంచి వంటని మన భాషలో ఏమంటారు? నలభీమపాకం. నలుడూ భీముడూ ఎవరు? ఊళ్ళో పెళ్ళికి గాడిపొయ్యి తవ్వి అయిదొందల మందికి వండేది ఎవరు? హోటళ్ళలో గరిటె తిప్పేది ఎవరు? డబ్బొచ్చే చోటా పేరొచ్చే చోటా వాళ్ళకి వంట బాగానే వస్తుంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఎలా మర్చిపోతారో ఎవరైనా డాక్టరు చెప్పాలి.

మనలో కొందరం ఉన్నాం, “నా వంటిల్లు పాడు చేస్తారు, ఎవర్నీ రానివ్వను” అనేవాళ్ళం. అక్కా, ఆ గోడని కాపలా కాయడం వల్ల లోపల ఇరుక్కున్నది మీరే. పోపు మాడితే మాడనివ్వండి. ఉల్లిపాయలు లావుగా తరిగితే తరగనివ్వండి. మీ అబ్బాయి రేపు ఇంకో పిల్ల ఇంట్లో ఉంటాడు. ఆ పిల్ల గట్టు దగ్గర నిలబడి మజ్జిగన్నం తినాలా వద్దా అన్నది ఈ గురువారాలే తేలుస్తాయి. మన ఇళ్ళలో చూడండి, పదేళ్ళ ఆడపిల్లని “అమ్మా, ఆ ప్లేట్లు అందించు” అంటారు. పద్నాలుగేళ్ళ అన్నయ్య పైన గదిలో గేము ఆడుకుంటూ ఉంటాడు, వాడికి ప్లేటు కూడా పైకే వెళ్తుంది.

నిరుడు మా ఇంట్లో కొత్త పద్ధతి పెట్టాను. జాబితాలో కుటుంబం పేరు రాయకూడదు, వండే మనిషి పేరు రాయాలి. వచ్చే పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పదార్థం, సొంత చేత్తో. వంట బొత్తిగా రానివాళ్ళకి ఉల్లిపాయలూ, బియ్యం కడగడం, టర్కీ కాల్చిన జిడ్డు పళ్ళెం తోమడం. భోజనాలయ్యాక సింకు మగపిల్లలది. ఒకాయన ఆ రోజు వేరే పనుందని రాలేదు. రాకపోతే మానె. మావారు బిర్యానీకి ఫోన్‌లో వీడియో పెట్టుకుని, రెండుసార్లు ఆపి, మూడోసారి నన్ను పిలవబోయి ఊరుకున్నారు. అన్నం కాస్త ముద్దయింది. ఎవరూ చావలేదు.

మామయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. డెబ్భై దాటిన ఆయన పేరు పక్కన క్రాన్‌బెర్రీ పులిహోర అని రాస్తే అత్తయ్యగారు నా మీద రెండు రోజులు అలిగారు, “ఆయన చేత పొయ్యి ముట్టిస్తావా” అని. ఆయన మాత్రం కాయితం మీద కొలతలు రాసుకుని, ఆవాలు కూడా చెంచాతో కొలిచి, గంటన్నరలో చేశారు. అత్తయ్యగారు సోఫాలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాలుగుసార్లు లేచారు, నాలుగుసార్లూ కూర్చోబెట్టాం. అందరికంటే ముందు ఆవిడకే వడ్డించాం. “ఇంగువ తగ్గింది” అన్నారు. రెండోసారి పెట్టించుకున్నారు.

భోజనాలయ్యాక అలవాటుగా కొంగు దోపుకుని సింకు వైపు వెళ్ళారు. అక్కడ మనవలిద్దరూ మోచేతుల దాకా నురగతో కొట్టుకుంటున్నారు. కాసేపు నిలబడి చూసి, వెనక్కి వచ్చి కూర్చుని, టీవీ వైపు చెయ్యి చూపించి మామయ్యగారితో అన్నారు: “అయితే ఆ గుద్దులాట తీసేసి నా సీరియల్ పెట్టండి.”