ఆ బస్సుకు రంగు వేసిందెవరు?

మొన్న రాయవేలూరులో గుడియాత్తం బస్సెక్కాను. పక్క సీట్లో పన్నెండేళ్ల పిల్లాడు సెల్‌ఫోన్లో బస్సు నడుపుతున్నాడు. ఆట ఇండోనేషియా వాళ్లది. మాలియో సంస్థ 2017లో విడుదల చేసిన ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’. తెర మీద మాత్రం మేమెక్కిన బస్సే! అదే రంగు, అద్దం పైన అదే తమిళ బోర్డు. పళ్లికొండ వచ్చేదాకా వాడు తలెత్తలేదు, నేనూ చూపు తిప్పలేదు.

వాళ్లమ్మ తెలుగులో కసిరితే మనవాడేనని తెలిసి, ఎవరు చేశారు నాయనా ఇది అనడిగాను. “ఎవురు చేసినారో తెలీదు తాతా, యూట్యూబ్‌లో దొరికింది” అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆటలో బస్సుకు తొడిగే రంగుల తొడుగును లివరీ అంటారు, అది అభిమానులు గీసే ఒకే ఒక్క బొమ్మ. బస్సు తోలు వలిచి నేల మీద పరిచినట్టు రెండు పక్కలూ, ముందూ వెనకా అన్నీ అందులోనే ఉంటాయి. గీత వెంట్రుకవాసి జరిగినా, బస్సు చుట్టూ తిరిగే పట్టీ మూల దగ్గర విరిగిపోతుంది. బస్సు ఆకారమే మార్చాలంటే త్రీడీ నమూనా కట్టాలి, అది ఇంకా పెద్ద పని. ఇంత చేసినవాడి పేరు, ఫైలు నాలుగు చేతులు మారేసరికి మాయం. కొన్నాళ్లకు లింకూ పనిచేయదు.

అందుకే ఈ లివరీలకూ నమూనాలకూ ఒక వికీ కావాలంటాను. తెలుగు వికీపీడియా 2003 నుంచి పెరిగినట్టే, తెలిసినవాళ్లు రాస్తూ, తప్పుంటే పక్కవాళ్లు దిద్దుతూ పోవాలి. చేసిందెవరు, ఎవరి నమూనా మీద చేశారు, ఆట ఏ వెర్షన్లో అది పనిచేస్తుంది అన్నవి ఉండాలి. మారుపేరైనా సరే, పేరుండాలి. ఆటకింత అవసరమా అంటారేమో. ‘కౌంటర్ స్ట్రైక్’ కూడా 1999లో ఇద్దరు అభిమానులు ‘హాఫ్ లైఫ్’ అనే ఆటను మార్చి కట్టిన మోడే. మిన్ లీ, జెస్ క్లిఫ్ అని ఈ రోజుకీ చెప్పుకోగలుగుతున్నామంటే ఎవరో రాసిపెట్టబట్టే.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. ఒకప్పుడు వేలూరు బస్సుల మీద నాయకుడు పట్టుకోట్టై అళగిరి పేరుండేది. 1997లో తమిళనాడు ప్రభుత్వం రవాణా సంస్థలకున్న నాయకుల పేర్లన్నీ తీసేసింది. 2023లో పసుపు బస్సులు దిగాయి. రేపు ఏ కుర్రాడో ఆ పాత బస్సును ఆటలోకి తెస్తే, అది చూసి పెరిగే పిల్లలకు అదే చరిత్ర. ఏ ఫొటో చూసి వేశాడు, ఎక్కడ ఊహించి వేశాడు అన్నది వికీ పేజీలో ఉండితీరాలి. లేకపోతే ఊహే నిజమై కూర్చుంటుంది.

గుడియాత్తంలో దిగేముందు, బస్సు వెనకభాగం ఒకసారి చూపించమన్నాను. బంపర్ పక్కన చీమల్లాంటి అక్షరాల్లో ఏదో పేరుంది. వాడు స్క్రీన్‌షాట్ తీసి రెండు వేళ్లతో పెద్దది చేశాడు. అక్షరాలు అలుక్కుపోయాయి.