ర్యాంకు నగరానిది, సిగ్గు తల్లిది

2023 స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాలు 2024 జనవరిలో వెలువడినప్పుడు, దేశంలోకెల్లా పరిశుభ్రమైన నగరమన్న గౌరవాన్ని సూరత్ ఇందోర్‌తో సమానంగా అందుకుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది దొరికిన రైలెక్కి పారిపోయిన ఊరు అది. ఆ మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల వెంట నడిపించారు. మూడు దశాబ్దాల్లో సూరత్ సాధించినదాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే అంతటి నగరాన్ని అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. రింగురోడ్డు బట్టల మార్కెట్ల రద్దీలో తల్లి చేయి పట్టుకుని నడుస్తున్న నాలుగేళ్ల పిల్లవాడు ‘అమ్మా, ఒంటికొస్తోంది’ అంటే ఆ తల్లి ఎటు వెళ్లాలి? జాతీయ రాజకీయాల మీద రాసేచోట ఈ మాటేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పదేళ్లకు పైగా మరుగుదొడ్డినే తన పాలనకు చిహ్నంగా చూపిన కేంద్ర ప్రభుత్వాన్ని, ఆ మరుగుదొడ్డి పసిబిడ్డకు అందుతోందా అని అడగటం కన్నా రాజకీయమైన ప్రశ్న నాకు తోచడం లేదు.

ముందు శరీరధర్మం సంగతి. పిల్లల వయసుకు రెండు కలిపి ముప్పైతో గుణిస్తే, వారి మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పట్టగలదో తెలుస్తుందని వైద్యులు వాడే ఒక మామూలు లెక్క. నాలుగేళ్ల బిడ్డకు అది 180 మిల్లీలీటర్లు. ఒక గ్లాసుకు మించదు. పెద్దవారిలో సుమారు 400 నుంచి 500. పైగా ఆటలోనో జనంలోనో మునిగిన పిల్లలకు ఆ సంగతి ఆఖరి నిమిషంలోనే తెలుస్తుంది. పెద్దలు గంటసేపు ఓర్చుకోగలిగినదాన్ని వాళ్లు కొద్ది నిమిషాలైనా ఆపలేరు. ఆపుకోవడమే అలవాటు చేస్తే మలబద్ధకం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వెంటపడతాయి. ఇది పెంపకంలో లోపం కాదు, వయసు.

ఇప్పుడు ప్రభుత్వ కొలబద్దను చూడండి. స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతాల్లో కిలోమీటరు లోపు ప్రజా మరుగుదొడ్డి ఉంటే చాలు. కిలోమీటరు నడవడానికి పెద్దవారికే పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ రద్దీలో నాలుగేళ్ల కాళ్లకు ఎంత పడుతుందో లెక్క వేసుకోవచ్చు. నిబంధన నూటికి నూరుపాళ్లు అమలైన చోట కూడా పిల్లవాడు దారిలోనే తడిసిపోవచ్చు. అమలు కాకపోవడాన్ని ఎవరైనా విమర్శిస్తారు. ఇక్కడ అమలైనా చాలని నిబంధన రాసుకున్నాం.

కొలబద్దకు రెండో వైపు ఇంకా కఠినమైనది. పగలనక రాత్రనక ఏ వేళలోనూ ఒక్క వ్యక్తి కూడా బహిరంగంగా మల, మూత్ర విసర్జన చేస్తూ కనిపించకూడదన్నది ఓడీఎఫ్ ప్లస్ ధ్రువీకరణకు షరతు. ఆ ‘ఒక్క వ్యక్తి’లో నాలుగేళ్లవాడికి మినహాయింపేమీ లేదు. అంటే దూరాన్ని లెక్కించేటప్పుడు పెద్దల కాళ్లు కొలమానం. తప్పును లెక్కించేటప్పుడు మాత్రం పిల్లలూ పెద్దలతో సమానం. మన స్వచ్ఛత వీధి మీది మరకను కొలుస్తోంది, మనిషి అవసరాన్ని కొలవడం లేదు. మరక లేకపోతే నగరానికి పతకం. మరక పడితే ఆ సిగ్గు బిడ్డను మురుగుకాలువ దగ్గర కూర్చోబెట్టిన తల్లిది.

ఆ తల్లుల్లో మనవాళ్లూ ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి తరలివెళ్లిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో తరాలుగా బతుకుతున్నాయి. ఆ నగర పాఠశాలల బోర్డు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. చీరలకు రాళ్లు అతికించే పని, దారాలు కత్తిరించే పని ఇళ్లలో పీసు లెక్కన చేసే ఆడవాళ్లకు, బజారుకు వెళ్లేటప్పుడు పిల్లలను ఎవరికో అప్పగించి వెళ్లే వెసులుబాటు ఉండదు. మాల్‌లో కాఫీ కొని ఆ నెపంతో మరుగుదొడ్డి వాడుకునే స్తోమత ఉన్న ఇంటి పిల్లలకు ఈ సమస్య రాదు. వచ్చేది ఏ తలుపూ తెరుచుకోని వారి పిల్లలకే.

‘బయలుదేరే ముందే వెళ్లించాలి, లేదా డైపర్ వేయాలి’ అన్న ఉపదేశం వెంటనే వస్తుంది. ఇంటి దగ్గర వెళ్లించినా రెండు గంటల తర్వాత గ్లాసు మళ్లీ నిండుతుంది. డైపర్ మానిన బిడ్డకు తిరిగి అలవాటు చేయమనడం నేర్చినదాన్ని మరిపించడమే. దాని ఖర్చు పీసు కూలి నుంచే రావాలి. వాడి పారేసిన డైపర్‌ను చెత్తలోంచి వేరు చేసేది మళ్లీ ఒక పారిశుద్ధ్య కార్మికురాలి చేయి. నగరం చేయవలసిన పనిని ఇద్దరు పేద స్త్రీల మీదకు నెట్టి దానికి బాధ్యత అని పేరు పెట్టడం ఏం న్యాయం?

‘అయితే వీధిలో కూర్చోబెట్టనివ్వాలా?’ అని అడగవచ్చు. వద్దు. వీధిలో పడినదాన్ని ఎత్తేది ఏ కులం వారో ఈ దేశంలో చెప్పనక్కరలేదు. బిడ్డ హక్కును కార్మికుల చీపురు మీద మోపకూడదు కనుకే అడుగుతున్నది సహనం కాదు, మరుగుదొడ్డి.

సౌకర్యం కల్పించకుండా సిగ్గును మాత్రమే పంచితే ఏమవుతుందో చూశాం. 2014 ఏప్రిల్‌లో హాంకాంగ్‌లోని మాంగ్‌కాక్ వీధిలో, చైనా నుంచి వచ్చిన దంపతులు మరుగుదొడ్డి దగ్గర పొడవైన క్యూ ఉందని తమ రెండేళ్ల బిడ్డను రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. ఒకరు ఫొటో తీశారు, తగాదా అయింది, పోలీసులు వచ్చారు. పసిబిడ్డ మూత్రం రెండు సమాజాల మధ్య విద్వేషానికి సాకైంది. క్యూ ఎందుకంత పొడవుందన్న ప్రశ్న ఆ రచ్చలో మునిగిపోయింది.

మన దేశంలో అది ఫొటోతో ఆగలేదు. 2019 సెప్టెంబరు 25న మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా భావ్‌ఖేడీలో ఇద్దరు దళిత పిల్లలను, బహిరంగ మలవిసర్జన చేశారన్న నెపంతో కొట్టి చంపారు. సరిగ్గా వారం తిరగగానే, అక్టోబరు 2న, అహ్మదాబాద్‌లో సాబర్మతి తీరాన గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైందని ప్రధాని ప్రకటించారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం 19 శాతం కుటుంబాలకు ఇంకా ఆరుబయలే గతి అని తేలింది. ప్రకటనకూ వాస్తవానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో ఎప్పుడూ బలహీనులే నిలబడి ఉంటారు.

చట్టం మౌనంగా లేదు. ప్రజా మరుగుదొడ్లు, మూత్రశాలలు కట్టి నిర్వహించడం గుజరాత్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం తప్పనిసరి విధి, దయ కాదు. బహిరంగ ప్రదేశాల్లో స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే హక్కులో భాగమని బొంబాయి హైకోర్టు 2015లో చెప్పింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కోర్టుల ప్రాంగణాల గురించి అదే మాట చెబుతూ, ఫ్యామిలీ కోర్టుల్లో పిల్లలకు సురక్షితమైన మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. కోర్టుకు వచ్చిన బిడ్డకు ఉన్న హక్కు బజారుకు వచ్చిన బిడ్డకు ఎందుకు ఉండదు?

చేయవలసినవి అసాధ్యాలు కావు. మార్కెట్లు, బస్టాండ్లు, స్టేషన్ల దగ్గర దూరాన్ని కిలోమీటర్లలో కాక చిన్నపిల్లల నిమిషాల్లో నిర్ణయించాలి. ప్రతి ప్రజా మరుగుదొడ్డిలో పిల్లల ఎత్తుకు తగిన ఒక సీటు, ఒక కుళాయి ఉండాలి. పిల్లలకు క్యూ, రుసుము రెండూ ఉండకూడదు. హోటళ్లు, షాపింగ్ సముదాయాలు లైసెన్సు పొందేటప్పుడే, అడిగిన బిడ్డకు తలుపు తెరుస్తామని ఒప్పుకోవాలి. దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ 2017లోనే తన పరిధిలోని హోటళ్ల మరుగుదొడ్లను అందరికీ తెరవాలని నిర్ణయించింది. గరిష్ఠ రుసుము అయిదు రూపాయలు. చివరగా, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ తన సర్వేక్షణ్‌లో వీటికి మార్కులు పెట్టాలి. మార్కులున్న పనే మన నగరాలు చేస్తాయని ఈ పోటీయే రుజువు చేసింది.

పిల్లలకు ఓటు లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్‌లో వారి తల్లిదండ్రుల ఓటుకూ పని లేకపోయింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు తప్పుకోగా బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా గెలిచారు. ఓటు అడగవలసిన అవసరమే లేని చోట ‘ఒంటికొస్తోంది’ అన్న మాటను వినేవారెవరు? సూరత్ మొదటి ర్యాంకు అందుకున్న నగరం కనుకనే ఈ పనికి మొదట పూనుకోవాలి. అంతవరకూ ఆ పతకం వీధులకు వచ్చినదే తప్ప, వాటిలో నడిచే పిల్లలకు వచ్చినది కాదు.