పారవేసిన ఫోనులలోని పసిడి

2021 సంవత్సరమున టోకియోలో జరిగిన ఒలింపిక్ క్రీడల పతకములు గనులనుండి క్రొత్తగా త్రవ్విన లోహముతో చేసినవి కావు. 2017 ఏప్రిలు మొదలు 2019 మార్చివరకు జపాను ప్రజలు తెచ్చియిచ్చిన పాత సెల్‌ఫోనులనుండియు, చిన్న విద్యుత్పరికరములనుండియు 32 కిలోల బంగారమును, 3,500 కిలోల వెండిని, 2,200 కిలోల కంచును రాబట్టి, దాదాపు 5,000 పతకములను తయారుచేసిరి. అందు ఫోనులే 62 లక్షలు. మన తెలుగుబిడ్డ పి. వి. సింధు అచ్చటినుండి తెచ్చిన కంచుపతకమును అట్టిదే.

మనకును అట్టి గని గలదు. కోలారు గనులను 2001 ఫిబ్రవరిలో మూసివేసిరి. టన్నురాతికి లభించు కొలదిగ్రాముల బంగారము త్రవ్వకపు ఖర్చునకు చాలదయ్యెను. బ్యాటరీలు తీసిన టన్ను ఫోనులలోనో సుమారు 300 గ్రాముల బంగారముండునని నిపుణుల అంచనా. వెండి, రాగి, పల్లాడియము వేరు. విదేశములనుండి ఏటేట వందలకొలది టన్నుల బంగారమును కొనుచున్న దేశమునకు ఇది అల్పవిషయము కాదు.

ఈ పసిడిని మనవారు ఎరుగకపోలేదు. ఢిల్లీలోని సీలంపూరు సందులలో, మురాదాబాదు ఇండ్లలో దీనినే నమ్ముకొని వేలకుటుంబములు జీవించుచున్నవి. ఆడువారును, పిల్లలును ఫోనులను విప్పుదురు. సర్క్యూట్ బోర్డులను కాల్తురు, ఆమ్లములో ముంతురు. మురాదాబాదులో ఆ బూడిదను రామగంగ యొడ్డున కడిగి లోహపురేణువులను ఏరుదురు. మూతికి కట్టుకొన్న గుడ్డయే వారికి కవచము. సీసపుపొగ వారి రక్తములోనికి, మిగిలిన విషము నదిలోనికి పోవుచున్నది. ఇంతచేసియు బంగారములో పెద్దభాగము జారిపోవును. పల్లాడియము వంటివి వారి చేతికి చిక్కనే చిక్కవు. కడుపుకై ప్రాణము నమ్ముకొను ఈ బేరములో లాభమెవరిదో మాకు తెలియుటలేదు.

ప్రభుత్వమువారు ఊరకున్నారని మేమనము. 2022లో చేసిన ఈ-వ్యర్థముల నిబంధనలు 2023 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చినవి. కాని వానిక్రింద నమోదు కావలసినవారు ఉత్పత్తిదారులు, కర్మాగారములవారు, మరమ్మతుదారులు, పునశ్శుద్ధిదారులు మాత్రమే. గుమ్మమువద్దకు వచ్చి రొక్కమిచ్చి పాతఫోను కొనిపోవు పాతసామానువాడు ఆ పట్టికలో లేడు. విప్పెడి కూలివానికి గుర్తింపును, శిక్షణమును కల్పింపుడని రాష్ట్రములకు ఒక మాట చెప్పి ఊరకుండిరి. పోలీసులు వచ్చి మూయించిన కొలిమి మరునాడు ప్రక్కసందులో వెలుగును. ఆకలికి శాసనము తెలియదు గదా!

మేము కోరునది ఒక్కటే. విప్పుపని వారిచేతనే ఉండనిండు. కాల్చుపనిని, ఆమ్లపుపనిని మాత్రము కర్మాగారములకు మార్చుడు. ఆమ్లములో ముంచినందువలన వచ్చెడి సొమ్ముకంటె చెక్కుచెదరని బోర్డునకు నాలుగురూపాయలు ఎక్కువ ముట్టినచో, ఏ తల్లియు తన పిల్లను ఆ పొగలో కూర్చుండబెట్టదు. ఈ బోర్డులనుండి లోహములను తీయు విధానమును హైదరాబాదులోని సీమెట్ శాస్త్రజ్ఞులు రూపొందించియేయున్నారు. కీలకఖనిజముల పునశ్శుద్ధికి కేంద్రమంత్రివర్గము 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల రూపాయలు మంజూరుచేసినది. యంత్రములకే గాక, ఆ బోర్డుల కొనుగోలుధరకును ఆ సొమ్ములో కొంత కేటాయింపవలెను.

ఇక మన పట్టణములమాట. చదువరుల బల్లసొరుగులలో మూగవోయిన ఫోనులు ఎన్ని పడియున్నవో వారికే ఎరుక. వానిని మోసికొనిపోయి ఊరిచివరనున్న కేంద్రమున ఊరక ఇచ్చిరమ్మనిన ఎవరు పోవుదురు? ప్రతి పురపాలకసంఘమును వార్డునకొక తక్కెడ పెట్టి, పాతసామానువారికే గుర్తింపుచీటీలిచ్చి కూర్చుండబెట్టి, అక్కడికక్కడ రొక్కమిప్పింపవలెను. రాబోవు బడ్జెటు సమావేశమున మన సభ్యులు ఈ తీర్మానమును తెత్తురని ఎదురుచూచుచున్నాము.