విప్పలేని బండి మనదెట్లా అవుతుంది?

కొత్త బండి కొనేటప్పుడు మనవాళ్ళు ధర అడుగుతారు, మైలేజీ అడుగుతారు, ఈఎంఐ ఎంత పడుతుందో అడుగుతారు. "పదిహేనేళ్ళ తర్వాత దీన్ని విప్పి బాగుచేసుకోవచ్చా?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూళ్ళేదు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి.

ఎందుకంటున్నానో చెప్తా. చిత్తూరు దగ్గర మా ఊళ్ళో మా నాయనకి ఒక పాత మహీంద్రా జీపు పికప్పు ఉంది. మామిడి కాలంలో తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలేది దాంట్లోనే. ముందు కమాన్ కట్టలు కుంగిపోయి, బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకి లాగడం మొదలైంది. "అమ్మేసి కొత్తది తీసుకోరాదా, సాఫ్ట్‌వేర్ కొడుకున్నాడు కదా" అన్నారు అందరూ. సరే, లెక్క చూద్దాం. 2025లో తోతాపురి ధర పడిపోతే ప్రభుత్వం కిలోకి 12 రూపాయలని నిర్ణయించింది. అందులో ఫ్యాక్టరీలు ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ ధరకి కాయలు అమ్మి కొత్త పికప్పు కంతులు కట్టగలిగే చిన్న రైతుని నాకు చూపించండి.

అందుకని రెండు వారాంతాలు బెంగుళూరు నుంచి వచ్చి, ఇంటి ముందరే విప్పాం. ఇదేదో ఘనకార్యమని కాదు. ఆ బండి విప్పడానికి వీలుగా తయారైంది, అంతే. దాని వంశం రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపు. మహీంద్రా వాళ్ళు 1947లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది దాన్నే. ముందు ఇరుసుకి రెండు పక్కలా రెండు కమాన్ కట్టలు. ఒక్కో కట్టలో ఉక్కు పట్టీలు, వాటన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు ఒకటి, కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు, చివర్లలో బుష్షులు, ఒక కొసన షాకిల్. దాచిపెట్టిందంటూ ఏమీ లేదు. కామెంట్లు బాగా రాసిన కోడ్ చదివినట్టుంటుంది :)

విప్పితే జబ్బు కంటికే కనిపించింది. యూ బోల్టులు వదులయ్యాయి. అవి వదులైతే బరువంతా సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది తెగిందంటే ఇరుసు పక్కకి జరుగుతుంది, ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ మన మాట వినదు. భాకరాపేట ఘాట్‌లో లోడుతో దిగిన వాళ్ళకి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. అందుకే పాత యూ బోల్టులు మళ్ళీ వాడకుండా కొత్తవే వేశాం. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాం కూడా.

అన్నీ ఇంట్లోనే చేయాలని నేననడం లేదు. కుంగిన పట్టీలకి మళ్ళీ వంపు తేవడం కమాన్ షెడ్డు వాళ్ళ పని. ఇష్టమొచ్చినట్టు కాల్చి వంచితే ఉక్కులో పదును పోతుంది. అలైన్‌మెంటు కూడా బయటే. వట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరడమైతే అసలు వద్దు. కట్టలు తీసుకుపోయినప్పుడు షెడ్డు మేస్త్రీ ఒక మాట చెప్పాడు. "రబ్బరు బుష్షు బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించొద్దు నాయనా, బరువు చక్రాల మీద పడినాకనే బిగించు." కారణం సులువు. గాల్లో బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అట్లాగే ఉండిపోతుంది, తొందరగా చిరిగిపోతుంది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

"కొత్త బళ్ళు సురక్షితం, పొగ తక్కువ" అంటారు. ఒప్పుకుంటా. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది, గాలి కోసం అది కావాల్సిందే. దాంతో సెన్సర్లు పెరిగాయి, స్కానర్ లేకుండా కొన్ని జబ్బులు తెలియవు. అదీ సరే. కానీ ఆ స్కానర్ చెప్పేది, సర్వీసు మాన్యువల్లో ఉండేది, విడి భాగాల వివరాలు బండి యజమానికీ ఊళ్ళో మేస్త్రీకీ ఎందుకు అందకూడదు? జటిలంగా ఉండటం వేరు, తాళం వేయడం వేరు. డాక్యుమెంటేషన్ ఇవ్వకుండా లైబ్రరీ అంటగడితే మనం ఎన్ని తిట్లు తిడతామో గుర్తుతెచ్చుకోండి.

కేంద్రం 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, గృహోపకరణాలతో పాటు వాహనాలనీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెచ్చింది. మంచిదే. కానీ కంపెనీ తనకి తానుగా పెట్టే సమాచారం దయ అవుతుంది, హక్కు కాదు. అడిగితే ఇచ్చి తీరాలి అన్నప్పుడే అది హక్కు.

మనకైతే జీతం ఉంది, పాతది పారేసి కొత్తది కొంటాం. పికప్పు ఆగిపోతే ఇంట్లో పొయ్యి వెలగని వాడికి ఆ వీలు లేదు. అతని కోసమైనా, ఈసారి షోరూంకి వెళ్ళినప్పుడు "సర్వీసు మాన్యువల్ ఇస్తారా?" అని ఒక్కసారి అడిగి చూడండి. వింతగా చూస్తారు. చూడనివ్వండి. పదిమంది అడిగితే పదకొండోవాణ్ణి వింతగా చూడరు.

ఏమంటారు?